లాయరు లేకుండా ఫ్యామిలీ కోర్టులో: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం కోర్టు వరండాలో నన్ను తరచుగా అడిగే మాట ఇది: "మేడమ్, లాయరు లేకపోతే జడ్జిగారు నా మాట వింటారా?"

వింటారు. లాయరు లేనిదే విడాకుల కేసు నడవదన్నది అపోహ. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతితోనే మాలాంటి లాయర్లం వాదిస్తాం. ఆ చట్టం ముందుగా వినదలచింది భార్యాభర్తల నోటి మాటనే.

అపోహ: కష్టమంతా చెప్పుకుంటే చాలు.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. గాజువాక నుంచి వచ్చిన ఒకావిడ భరణం అడుగుతూ పదేళ్ల బాధను కన్నీళ్లతో చెప్పుకున్నారు. "బాబు స్కూలు ఫీజు ఎంతమ్మా?" అని జడ్జిగారు అడగగానే ప్లాస్టిక్ కవరు తెరిచి వెతకసాగారు. పెళ్లి ఫొటోలున్నాయి, ఆసుపత్రి చీటీలున్నాయి. ఫీజు రసీదు ఇంట్లో ఉండిపోయింది. కేసు వాయిదా పడింది. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలని సుప్రీంకోర్టు 2020లో రజనేష్, నేహా కేసులో చెప్పింది. అందుకే బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె, ఫీజు, మందుల రసీదులు తేదీల వరుసలో పెట్టుకోండి. మూడు సెట్లు తీయించండి: కోర్టుకు, ఎదుటివారికి, మీకు. పెళ్లి ఎప్పుడైంది, విడిగా ఎప్పటి నుంచి ఉంటున్నారు అన్నవి ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. గాభరాలో సొంత పెళ్లి తేదీ మరిచిపోయినవారిని చూశాను.

అపోహ: కౌన్సెలింగ్‌కు వెళ్తే రాజీకి ఒప్పుకున్నట్టే.

కాదు. రాజీకి ప్రయత్నించడం కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం కోర్టు బాధ్యత, ఒప్పుకోవడం మీ ఇష్టం. చదవకుండా మాత్రం దేనిమీదా సంతకం పెట్టకండి.

అపోహ: వాయిదాకు వెళ్లకపోతే కేసు ఆగిపోతుంది.

ఆగదు. మిమ్మల్ని ఎక్స్‌పార్టీ (హాజరుకానివారు) చేసి ఎదుటివారి మాట మీదనే తీర్పు ఇవ్వవచ్చు. దాన్ని రద్దు చేయించుకోవాలంటే తగిన కారణం చూపాలి, అదీ సాధారణంగా 30 రోజుల్లోపు. బంట్రోతు పేరు పిలిచేటప్పుడు మీరు హాలు దగ్గరే ఉండాలి, టీకి వెళ్లకూడదు.

అపోహ: డబ్బు లేకపోతే ఒంటరిగానే వాదించుకోవాలి.

1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఆదాయ పరిమితిలోపు ఉన్న పురుషులకూ ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. పరస్పర అంగీకారంతో విడిపోయేవారు లాయరు లేకుండానే కోర్టులో నిలబడవచ్చు. పిల్లల కస్టడీ తగాదా ఉన్నా, సాక్షులను క్రాస్ ఎగ్జామినేషన్ చేయాల్సి (ఎదురు ప్రశ్నలు వేయాల్సి) వచ్చినా ఆ సాయం తప్పక తీసుకోండి. గాజువాక ఆవిడను నేను పంపింది అక్కడికే.