అరకు కాఫీ తోటల్లో పురుగు: నీడచెట్టు మారిన నాటి నుంచి

విశాఖపట్నం: అరకు కాఫీని పట్టిన కాయతొలుచు పురుగుకు బాధ్యులెవరన్న వాదన మళ్లీ రేగింది. 2025 ఆగస్టులో అరకు లోయలో ఇది తొలిసారి బయటపడినప్పుడు, సోకిన కాయలను కోయించి నాశనం చేయించారు. రాలిన కాయలను రైతులు ఏరకపోవడం వల్లే పురుగు నిలుస్తుందన్నది అధికారుల మాట. అందులో నిజం లేకపోలేదు. ఒక పంట నుంచి మరో పంటకు ఈ పురుగు బతికేది చెట్టున మిగిలిన, నేలరాలిన కాయల్లోనే.

మన్యానికి కాఫీ వచ్చిన కథ అందరికీ తెలిసిందే. నేటి తగవుకు మూలం అంతకంటే, పోడు కొండలపై గిరిజనుల చేత కాఫీ వేయించినప్పుడు ఎంచుకున్న నీడచెట్టులో ఉంది. కాఫీ నీడన పెరిగే పంట కనుక బోడికొండకు త్వరగా నీడ కావాలి. ఆస్ట్రేలియా జాతి సిల్వర్ ఓక్ వేగంగా, నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగకు ఆసరా అవుతుంది, కలపకూ పనికొస్తుంది. అందుకే ముందు ఆ మొక్కలు నాటించి, నీడ కుదిరాక కాఫీ వేయించారు. పోడు తగ్గించడానికి అది మంచి ప్రయత్నమే అయినా, పనస, మామిడి, నేరేడు కలగలిసి ఉండవలసిన చోట చాలా తోటలు ఒకే జాతి చెట్టు కిందికి వచ్చాయి. ఆ మొక్కలను రైతుకు అందించింది ప్రభుత్వ పథకాలే కనుక, నేటి తప్పంతా అతని మీద వేయడం న్యాయం కాదు.

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఏజెన్సీలోనూ సిల్వర్ ఓక్‌లను పెద్దఎత్తున కూల్చింది. నీడ పోయిన చోట అరబికా రకం కాఫీ మొక్కకు తెల్ల కాండంతొలుచు పురుగు ముప్పు పెరుగుతుంది, ఎందుకంటే దాని తల్లిపురుగు ఎండ తగిలే బెరడునే వెతుక్కుని గుడ్లు పెడుతుంది.

కాయతొలుచు పురుగు తీరు వేరు. అది బయటి నుంచి వచ్చిందే. మన దేశంలో 1990లో నీలగిరి ప్రాంతంలో తొలిసారి కనబడింది. రెండు మిల్లీమీటర్లయినా లేని ఆడపురుగు కాయ కొనన, బొడ్డు దగ్గర, సూదిమొనంత రంధ్రం చేసి గింజలోకి దూరుతుంది. లోపలికి వెళ్లాక మందు దాన్ని తాకదు. పైగా పురుగుమందు వాడకపోవడమే అరకు కాఫీకి పేరు తెచ్చింది. ఒత్తైన నీడ, తేమ ఈ పురుగుకూ అనుకూలమే కనుక చెట్లు పెంచితే చాలదు, కొమ్మలు కత్తిరించి గాలి ఆడనివ్వాలి. అయితే రంధ్రంలోకి దూరి పిల్లపురుగులను తినే చీమలకు, బయట తిరిగే పురుగును పట్టే పిట్టలకు రకరకాల చెట్లున్న తోటే ఇల్లు. కోస్టారికా కాఫీ తోటల్లో పక్షులు ఈ పురుగు బెడదను దాదాపు సగానికి తగ్గించాయనీ, చుట్టూ అడవి ఉన్నచోట అలాంటి పక్షులు ఎక్కువనీ 2013లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

కాయలు ఏరడం రైతు పని, అది తప్పదు. ఏరే కూలి ఖర్చు ఎవరు భరించాలన్నదీ, పడిపోయిన సిల్వర్ ఓక్‌ల చోట నర్సరీల నుంచి ఏ మొక్కలు పంపాలన్నదీ వచ్చే వానలకు ముందే తేల్చవలసింది అధికారులు.