తుఫాను మర్నాడు పక్కింటికి వెళ్తే: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటలూ, కిడ్నీ జబ్బులూ ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేస్తున్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడూ ఇక్కడే ఉన్నాను. తెల్లారి చూస్తే రోడ్డంతా కొబ్బరి చెట్లే. బండి కాదు కదా, మనిషి నడవడానికే దారి లేదు. ఫోన్లు పలకలేదు. కిలోమీటరున్నర దూరంలోని ఊరికి చేరేసరికి నాకు మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఆ ఊరివాళ్లకు ఆ ఊరివాళ్లే దిక్కు. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు కూడా. కాకపోతే మంచి మనసుతో చేసిన కొన్ని పనులే నాకు టెన్షన్ తెచ్చిపెట్టాయి.

అపోహ: గాలి ఆగింది కదా, ఒకసారి వెళ్లి చూసొద్దాం.

వాస్తవం: తుఫాను కన్ను ఊరి మీదుగా పోతుంటే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత జోరుగానూ కొడుతుంది. మొదటి గాలికి వదులైన పెంకులు, సగం విరిగిన కొబ్బరి మట్టలు రాలేది అప్పుడే. తుఫాను దాటిపోయిందని రేడియోలోనో, సచివాలయం వాళ్లో చెప్పేదాకా గడప దాటొద్దు.

అపోహ: వీధిలోంచి కేకేస్తే "బాగున్నాం" అన్నారు, ఇక ఫర్వాలేదు.

వాస్తవం: ఒక మామ్మ నాతోనూ అలాగే అంది. "నాకేటైందమ్మా, బాగానే ఉన్నాను" అని లోపల్నుంచే పలికింది. ఎందుకో మనసొప్పక లోపలికెళ్లాను. కాలికి పాత చీర పీలిక చుట్టి ఉంది. పెంకు పడి తెగిందట. షుగర్ మాత్రల కవరు గూట్లో నానిపోయి ముద్దగా ఉంది. కొడుకులు చెన్నైలో. ఎవరికీ భారం కాకూడదని ఆవిడ బాధ.

అందుకే "బాగున్నారా" అని అడగడం మానేశాను. పొద్దున ఏం తిన్నారు? మాత్రలేవీ, ఇలా చూపించండి. ఒకసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. ఈ మూడింటితో సగం సంగతి తెలిసిపోతుంది. దెబ్బ ఉంటే కడిగి, గుడ్డ మార్చి, ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ కోసం మా దగ్గరికి పంపించండి.

అపోహ: మంచినీళ్లు లేనప్పుడు బొండాం నీళ్లను మించింది లేదు.

వాస్తవం: మా ప్రాంతంలో నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే. తుఫాను మర్నాడు బొండాలు కాళ్లకడ్డం పడుతుంటాయి, బోరు మోటారుకు కరెంటుండదు. పక్కింటాయన కిడ్నీలు పాడై డయాలసిస్ (మెషిన్‌తో రక్తం శుభ్రం) చేయించుకునే మనిషని తెలిసీ, నీరసంగా ఉన్నాడు పాపం అని రెండు కొట్టి ఇస్తారు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగుంటే అది ఒంట్లోంచి పోతుంది. పాడైతే పేరుకుపోతుంది, మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. దారులు మూసుకుపోయి డయాలసిస్ తప్పిందంటే ప్రమాదం రెట్టింపు. సాయంగా వచ్చే అరటిపళ్లదీ ఇదే కథ. పులిహోర, పచ్చడిలో ఉప్పు దాహం పెంచుతుంది, ఆ దాహానికి నీళ్లు ఎక్కువ తాగేస్తారు. కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వండి, అదీ డాక్టరు చెప్పిన కొలతలోనే. కాళ్లలో సత్తువ పోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. 108 రాలేకపోతే మంచం మీదైనా మోసుకుని రోడ్డెక్కించాలి.

ఫ్రిజ్ ఆగిపోయింది, ఇన్సులిన్ పాడైపోయిందని పారేసేవాళ్లూ ఉన్నారు. అంత తొందర వద్దు. వాడుతున్న సీసా నీడపట్టున, చల్లటి చోట ఉంటే సాధారణంగా నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. కొత్త కుండకు తడిగుడ్డ చుట్టి, సీసా తడవకుండా అందులో పెట్టండి. రంగు మారినా, మామూలుగా తేటగా ఉండేది మసకగా కనిపించినా వాడకండి.

అపోహ: ఊరంతా కరెంటు లేదు, తెగిన తీగ ఏం చేస్తుంది?

వాస్తవం: ఎవరింట్లోనో పెట్టిన జనరేటర్ కరెంటు వెనక్కి లైన్లోకి పారొచ్చు. తీగ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లి, ఫోన్ కలిస్తే 1912కి చెప్పండి. ఆ జనరేటర్ కూడా గదిలోనో వసారాలోనో ఉంటే ముందు దాన్ని ఆపించండి. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మా ఊళ్లో ఇప్పుడు ఆశా కార్యకర్త, నేను కలిసి ఒక కాగితం రాసుకున్నాం. ఏ ఇంట్లో డయాలసిస్ మనిషి, వారంలో ఏయే రోజులు, ఏ ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి, ఎవరు ఒంటరిగా ఉంటారు, వాళ్ల తలుపు ఎవరు తట్టాలి అన్నీ అందులో ఉన్నాయి. హెచ్చరిక రాగానే డయాలసిస్ వాళ్లను ముందురోజే పంపేస్తున్నాం. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటకకు కట్టాం. మొదటిసారి రాసింది వానకు తడిసిపోయింది మరి.