చర్చి నాటకంలో వాక్యం పాలెంత, రంగస్థలం పాలెంత?

దసరా సెలవులు ముగిసేసరికి చిత్తూరు, తిరుపతి ప్రాంతాల సంఘాల్లో క్రిస్మస్ ప్రోగ్రాం మాట మొదలవుతుంది. యూత్ వాళ్లు ఒక నాటకం అంటారు, స్త్రీల సమాజం ఇంకొకటి అంటుంది, సండే స్కూలు టీచర్లు పిల్లలందరికీ ఏదో ఒక వేషం దొరికే కథ కావాలంటారు. చివరికి ఏటా తేలేది దాదాపు అవే పేర్లు: తప్పిపోయిన కుమారుడు, యోసేపు, ఎస్తేరు, పదిమంది కన్యకలు, లేదంటే క్రీస్తు జననం. ఈ ఎంపిక దగ్గర ప్రతిసారీ ఒక వాదం వస్తుంది. వాక్యంలో, అంటే బైబిలు పాఠంలో, లేనిది వేదిక మీద ఉండకూడదని పెద్దలు పట్టుబడతారు. కల్పన లేకపోతే అది నాటకమే కాదని వేసేవాళ్లు అంటారు. ఈ వాదానికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే, వాక్యంలోనిదే అని మనం నమ్ముతున్న అనేక దృశ్యాలు నిజానికి రంగస్థలం చేర్చినవని, వాటిని ఉంచాలో తీసేయాలో తేల్చుకోవడమే నాటకాన్ని ఎంచుకోవడంలో అసలు పని అని బోధపడుతుంది.

యూరపులో బైబిలు నాటకం పుట్టింది ఆరాధనలోనే. 10వ శతాబ్దిలో ఈస్టరు ఉదయపు ఆరాధనలో, సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలను దూత 'మీరు ఎవరిని వెదకుచున్నారు' అని అడిగే నాలుగు మాటలను లాటిన్‌లో పాడుతూ అభినయించేవారు. సుమారు 970లో ఇంగ్లండులోని వించెస్టరులో రూపొందిన మఠ నియమావళిలో ఆ అభినయానికి సూచనలు కూడా ఉన్నాయి: దూత పాత్ర వహించే సన్యాసి ఏ వస్త్రం ధరించాలి, ఎక్కడ కూర్చోవాలి, మిగిలిన ముగ్గురు దేనికోసమో వెదుకుతున్నట్టు ఎలా నడిచి రావాలి అన్నవి అందులో రాసిపెట్టారు. 1223లో ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ గ్రెచ్చో గ్రామంలో పశువుల తొట్టిని, ఎద్దును, గాడిదను నిలిపి క్రిస్మస్ జరిపాడు. లూకా సువార్తలో తొట్టి ఉంది గాని ఎద్దూ గాడిదా లేవు. ఇప్పుడు అవి లేని పశువుల పాక మన చర్చి ఆవరణల్లో ఎక్కడా కనిపించదు.

ఆ తరువాత నాటకం గుడి దాటి వీధిలోకి వచ్చింది. ఇంగ్లండులోని యార్కు పట్టణంలో సృష్టి మొదలు అంత్య తీర్పు దాకా ఉన్న కథను ముక్కలు చేసి వృత్తి సంఘాలకు పంచారు. పడవలు కట్టేవాళ్లు నోవహు ఓడను, రొట్టెలు కాల్చేవాళ్లు కడరా భోజనాన్ని ప్రదర్శించేవారు. ఎవరికి ఏది చేతనైతే దాన్నే వాళ్లకు అప్పగించిన ఆ పద్ధతి నేటి కమిటీలకూ పనికొస్తుందని నా అభిప్రాయం. కోవెంట్రీ పట్టణంలో ఇలాగే బండ్ల మీద ఆడిన నాటకంలో, బెత్లెహేము పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు బండి దిగి జనంలోకి వచ్చి కేకలు వేసేవాడు. ఆ గర్జన వాక్యంలోనిది కాదు, కొందరు సువార్తను మించి దాన్నే గుర్తుపెట్టుకున్నారు. ప్రొటెస్టెంటు సంఘాలకు దారితీసిన 16వ శతాబ్ది మత సంస్కరణ తరువాత ఈ ప్రదర్శనలు అనుమానానికి గురయ్యాయి. యార్కులో 1569లో, కోవెంట్రీలో 1579లో చివరిసారిగా ఆడి ఆగిపోయాయి.

అయితే సంస్కరణవాదులందరూ నాటకాన్ని కాదనలేదు. యూదితు, తోబీతు గ్రంథాలు మొదట నాటకాలుగా ఆడినవే కావచ్చని ఆ సంస్కరణకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ వాటి పీఠికల్లో ఊహించాడు. ఆ రెండు గ్రంథాలూ కతోలిక బైబిలులో ఉన్నాయి, ప్రొటెస్టెంటు సంఘాలు వాడే తెలుగు బైబిలులో లేవు. అందువల్ల తోబీతు కథ ఒక ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చిలో సహజంగా ఇమిడిపోతుంది, పక్క వీధిలోని సీఎస్ఐ (ప్రొటెస్టెంటు) చర్చిలో మాత్రం ఇదెక్కడిదన్న ప్రశ్న వస్తుంది. 1527లో, లూథర్ ఉద్యమం ఊపులో ఉన్న రీగా నగరంలో, బుర్కార్డ్ వాల్డిస్ రాసిన తప్పిపోయిన కుమారుని నాటకం ప్రదర్శితమైంది. క్రియల వల్ల కాక కృప వల్లనే రక్షణ అన్న బోధకు ఆ ఉపమానం అతికినట్టు సరిపోయింది. నేటికీ చర్చి నాటకాల్లో ఆ కథకు ప్రముఖ స్థానం ఉంది.

ఆ కథనే కాస్త దగ్గరగా చూడాలి. లూకా 15వ అధ్యాయంలో అది 11వ వచనం నుంచి 32వ వచనం వరకు, అంటే 22 వచనాలు. ఆస్తిలో వాటా తీసుకుని వెళ్లిన చిన్న కొడుకు అంతా పోగొట్టుకుని తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, ఇంటిపట్టునే ఉన్న అన్న అలుగుతాడు. చిన్నవాడు దూరదేశం వెళ్లి 'తన ఆస్తిని దుర్వ్యాపారమువలన పాడుచేసెను' అని మాత్రమే కథకుడు చెబుతాడు. వేశ్యల మాట వచ్చేది 30వ వచనంలో, అదీ కోపంతో ఊగిపోతున్న అన్న నోట. ఆ నింద నిజమో కాదో ఉపమానం తేల్చదు. మన నాటకాల్లో మాత్రం ఆ ఒక్క నిందను పట్టుకుని పావుగంట సీను నడుస్తుంది: రంగు లైట్లు, సినిమా పాట, నలుగురు స్నేహితులు, ఖాళీ సీసాలు. ఉపమానంలో లేని తల్లి కూడా మొదటి సీనులో ఏడుస్తూ కనిపిస్తుంది. తీరా తండ్రి కొడుకును కౌగిలించుకోగానే పాట అందుకుని తెర దించేస్తారు. 25వ వచనం నుంచి ఉన్న అన్న కథ పోతుంది. పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని సణిగిన యూదు మతపెద్దలైన పరిసయ్యులకూ శాస్త్రులకూ జవాబుగా యేసు చెప్పిన ఉపమానమిది. 'అతడు కోపపడి లోపలికి వెళ్లనొల్లకపోయెను' అన్న చోట ఆ సణిగినవాళ్లే కనిపిస్తారు, చివరికి అన్న లోపలికి వెళ్లాడో లేదో చెప్పకుండానే ఉపమానం ముగుస్తుంది. తల్లిని చేర్చడం పట్ల నాకు అభ్యంతరం లేదు. అన్నను తీసేయడం మాత్రం నాటకాన్నే కుంటిపరుస్తుంది.

ఇక ఈ ప్రాంతానికి సువార్త వచ్చిన తీరు చూద్దాం. 18వ శతాబ్ది ఆరంభంలోనే ఫ్రెంచి జెస్యూట్లు (కతోలిక యేసు సభ గురువులు) పుంగనూరు ప్రాంతంలో పనిచేశారు. 1853లో ప్రొటెస్టెంటు శాఖ అయిన అమెరికా రిఫార్ముడు సంఘానికి చెందిన స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. చిత్తూరు, మదనపల్లె దాని కేంద్రాలయ్యాయి. 1865 నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు నెల్లూరు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు లూథరన్ సంఘాలను కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ పని అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది, తిరుపతి కేంద్రంగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం రూపుదిద్దుకుంది. అమెరికా రిఫార్ముడు సంప్రదాయం వాక్యోపదేశానికి పెద్దపీట వేసి, వేషానికీ వేదికకూ దూరంగా నడిచినది. లూథరన్ సంప్రదాయం బడిలో పిల్లల చేత నాటకాలు వేయించడాన్ని మొదటి నుంచీ మెచ్చుకున్నది. ఒకే జిల్లాలో ఈ రెండు ధోరణులూ పక్కపక్కనే పెరిగాయి.

అప్పటికే ఇక్కడి జనానికి నాటకమంటే ఏమిటో బాగా తెలుసు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు పద్యాలు పాడుతూ తపసు మాను ఎక్కుతాడు, చివరి రోజున మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ ప్రతిమ దగ్గర వధ ఘట్టం ఆడతారు. చిత్తూరు పట్టణంలో రామవిలాస సభ పౌరాణిక నాటకాలకు పేరు తెచ్చింది. గుంటూరు ప్రాంతంలో పుట్టిన నాగయ్య పేరు ముందు చిత్తూరు చేరింది ఆ సభతో ఉన్న అనుబంధం వల్లనే. ఇలాంటి నేల మీద హేరోదు వేషం వేసినవాడు కంసుడిలా మీసం తిప్పి, రాగం తీసి పద్యం ఎత్తుకుంటే ఆశ్చర్యం ఏముంది? పసిపిల్లలను చంపించే రాజు కథ ఈ ప్రేక్షకులకు కొత్తది కాదు.

దేశీయ రూపాల్లో క్రైస్తవ కథ చెప్పడానికి పూర్వోదాహరణలూ ఉన్నాయి. తంజావూరుకు చెందిన వేదనాయగం శాస్త్రి (1774–1864) తమిళంలో 'బెత్లెహేం కురవంజి' రచించారు; కురవంజి అంటే సోది చెప్పే స్త్రీ పాత్రతో నడిచే గేయనాటకం. తమిళం, తెలుగు కలిసి వినిపించే చిత్తూరుకు తంజావూరు సంప్రదాయం పరాయిది కాదు. తెలుగులో పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ఇప్పటికీ ఆరాధనల్లో పాడుతున్నాం. గుర్రం జాషువ క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా రాశారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పద్యం, కీర్తన ఇంత బలంగా ఉండి కూడా, అచ్చులో సులువుగా దొరికే తెలుగు బైబిలు నాటకాలు తక్కువ. చాలా సంఘాల్లో స్క్రిప్టు అంటే ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన నోటు పుస్తకం. అందులో ఎవరో ఎప్పుడో చేర్చిన డైలాగు క్రమంగా వాక్యమంత గౌరవం పొందుతుంది.

క్రీస్తు పాత్రను మనిషి ధరించవచ్చా అన్నది మరో పాత తగవు. బ్రిటన్‌లో నాటకాలకు అనుమతినిచ్చే అధికారి రంగస్థలంపై క్రీస్తు పాత్రను ఒప్పుకునేవాడు కాదు. ఆ అధికారమే 1968లో రద్దయింది. దానికి ముందు, 1941లో, ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ బీబీసీ రేడియోకు క్రీస్తు జీవితాన్ని నాటకమాలగా రాసినప్పుడు, యేసు, శిష్యులు వాడుక భాషలో మాట్లాడటం దూషణేనని నిరసనలు వెల్లువెత్తాయి. నాటకమాల మాత్రం ఆగలేదు. ఆ కాలపు నాటకాల్లో క్రీస్తును తెర వెనుక గొంతుగానో, వెలుగుగానో చూపే పద్ధతి ఉండేది. మన దగ్గర కొన్ని సంఘాలు ఇప్పటికీ దాన్నే పాటిస్తాయి, మిగిలినవి మేకప్ వేసి నిలబెడతాయి. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాలో విజయచందర్ రూపం తెలుగువాళ్ల మనసులో ఎంతగా నిలిచిందంటే, ఆ తరువాత వేదికల మీద యేసు వేషం దాదాపు ఆ అంగీకి, ఆ జుట్టుకే కట్టుబడిపోయింది. ఇటీవల ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టి పెదవులు కదిపే అలవాటు పెరిగింది. మైకు తిప్పలు తప్పిన మాట నిజమే గాని, నటుడు మాట తడబడినా తమాయించుకుని నిలబడే సజీవత దాంతో పోయింది.

భాష సమస్య మన ఎంపికలోనూ తలెత్తుతుంది. 'నిశ్చయముగా చెప్పుచున్నాను' వంటి గ్రాంథిక వాక్యాలు విన్నంతనే సభ గుర్తుపడుతుంది, గౌరవిస్తుంది. కానీ అదే పాత్ర మరుక్షణం చిత్తూరు యాసలో పలికితే నవ్వులు వస్తాయి. యేసు, దూతల మాటలను బైబిలులో ఉన్నవి ఉన్నట్టు ఉంచి, మిగిలిన పాత్రలకు వాడుక తెలుగు ఇవ్వడం మంచి మధ్యమార్గమని నాకు తోస్తుంది. పౌరాణిక నాటకంలోనూ కృష్ణుడికి పద్యం, హాస్యగాడికి వచనం ఉండేవి.

క్రీస్తు జనన నాటకంలోనూ కల్పన తక్కువేమీ కాదు. లూకాలో 'సత్రములో వారికి స్థలము లేనందున' అన్న ముక్క తప్ప సత్రపు యజమాని లేడు, తలుపు వేసి పొమ్మన్నవాడూ లేడు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు, వాళ్లు వచ్చింది ఇంటికని చెప్పాడు. గొల్లలు, జ్ఞానులు ఒకే తెరలో నిలబడటం రెండు సువార్తలను ఒకటి చేయడం వల్ల వచ్చింది. సత్రపు యజమానిని నేనైతే ఉంచుతాను, ఎందుకంటే మాటలు గుర్తుండని చిన్న పిల్లవాడికి కూడా ఆ వేషం ఇవ్వవచ్చు. క్రీస్తు బాధలను, శిలువ మరణాన్ని చూపే శ్రమల నాటకంలో మాత్రం ఇంకా జాగ్రత్త అవసరం. జర్మనీలోని ఒబెరామెర్గౌ గ్రామస్థులు 1634 నుంచి శ్రమల నాటకం ఆడుతున్నారు. అందులో యూదు జనాన్ని చిత్రించిన తీరుపై తీవ్ర విమర్శలు వచ్చాక ఇటీవలి దశాబ్దాల్లో స్క్రిప్టును గణనీయంగా సవరించారు. శిలువ వేయమని అరిచే గుంపును ఎంత పెద్దది చేయాలి, మరణశిక్ష విధించిన రోమా అధిపతి పిలాతును ఎంత మంచివాడిగా చూపాలి అన్నవి ఆ సవరణల వెనుక ఉన్న ప్రశ్నలే.

ఇప్పటి పరిస్థితుల్లో చట్టమూ ఎంపికను నిర్ణయిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాల్లో మైకులు మోగకూడదు. పండుగ సందర్భాల్లో ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆరాధన, పాటలు, సందేశం పూర్తయ్యాక మిగిలేది గంటకు లోపే కాబట్టి, ఆదికాండంలో 37వ అధ్యాయం నుంచి 50 వరకు పరచుకున్న యోసేపు కథను మొత్తం ఆడడం కుదరదు. తిరుమల కొండపై అన్యమత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించింది. కొండ కింద కూడా యాత్రికులు కిక్కిరిసే వీధుల కంటే చర్చి ఆవరణే నాటకానికి తగిన చోటు. కాపీరైటు విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉంది. టికెట్టు లేని సభకు గాని, మత సంస్థ ప్రయోజనం కోసం గాని ఔత్సాహిక బృందం నాటకం ఆడితే 1957 చట్టం దాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. ఆ మినహాయింపు ప్రదర్శనకే చెల్లుతుంది. వీడియో తీసి యూట్యూబులో పెడితే రచయిత అనుమతి కావాలి, అందులోని పాటలకూ అంతే.

ఇవన్నీ చూశాక, చేతిలో నోటు పుస్తకం లేని బృందానికి రూతు గ్రంథమే మంచి ఆరంభమని నాకనిపిస్తుంది. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, అందులో సగానికి పైగా సంభాషణలే, కొత్తగా రాయవలసింది తక్కువ. కరువు, వలస, అత్తాకోడళ్లు, పరిగె ఏరుకోవడం, ఊరి గుమ్మం దగ్గర పెద్దల పంచాయతీ, ఇవేవీ రాయలసీమ అంచున ఉన్న ప్రేక్షకులకు వివరించనక్కర లేదు. ముఖ్య పాత్రలు ముగ్గురే, ఇద్దరు స్త్రీలు. ఎస్తేరు వేయాలనుకునేవారికి విందులు, కిరీటాలు, యేబది మూరల ఉరికొయ్య, హామాను వంటి ప్రతినాయకుడు దొరుకుతారు గాని, దుస్తుల ఖర్చు పెరుగుతుంది, 9వ అధ్యాయంలో యూదులు తమ శత్రువులపై జరిపే సంహారాన్ని ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. రూతుకు రెండు పాత చీరలు, ఒక చేట, కొన్ని వరి పనలు చాలు. మూడో అధ్యాయంలో రూతు, తరువాత తనను పెళ్లాడే బోయజు కాళ్ల దగ్గర పడుకునే కళ్లం రాత్రిని మాత్రం పాస్టరుగారితో మాట్లాడి, సంఘం ఒప్పుకునే పద్ధతిలో రాసుకుని, రిహార్సల్ మొదలుపెట్టే ముందే పెద్దలకు చదివి వినిపించడం మంచిది.