కెమెరాలో మెరిసింది, కంప్యూటర్‌లో ఎందుకు చప్పబడింది?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. కెమెరా వెనక తెరమీద మెరిసిపోయిన ఫొటో కంప్యూటర్‌లో తెరవగానే బూడిద చల్లినట్టు ఎందుకైపోయిందని అడిగారు. దాంతోపాటు, ఫొటోలు తీసేవాళ్ల కంప్యూటర్‌లో ఏయే సాఫ్ట్‌వేర్లు ఉండాలో ఒక జాబితా కూడా రాయమన్నారు. మొదటిది అర్థమైతే రెండోది సగం మీరే రాసేసుకుంటారు.

మీరు కెమెరాను రా పద్ధతిలో పెట్టి తీశారు. ఈ ‘రా’ మిమ్మల్ని రమ్మని పిలిచే రా కాదర్రా, పచ్చిది అని అర్థం. కుమ్మరి దగ్గర పచ్చిమట్టి ముద్ద ఉంటుంది, ఆవంలో కాల్చిన కుండ ఉంటుంది. రా ఫైల్ ఆ ముద్ద, మనం మామూలుగా చూసుకునే, పంపుకునే జేపెగ్ ఫైల్ ఆ కుండ. కెమెరా ప్రతి రా ఫైల్ లోపలా ఒక జేపెగ్‌ను దాచి ఉంచుతుంది. వెనక తెరమీద చూపించేది దాన్నే. రంగు, కాంట్రాస్ట్, పదును అన్నీ కెమెరా తనకు తోచినట్టు అద్ది, అప్పటికప్పుడు కాల్చేసిన బుల్లి కుండ అది. రా ఫైళ్లను దిద్దే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు మీకు మట్టి కనబడింది. ఫొటో ఏమీ చెడిపోలేదు, చెయ్యాల్సిన పని మిగిలి ఉంది.

మరి ఈ మట్టి మోయడం ఎందుకు? 14 బిట్ల రా ఫైల్లో వెలుతురుకు 16,384 మెట్లు ఉంటాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. నీడలో పడిన ముఖాన్ని వెలిగిద్దామని జేపెగ్‌ను గట్టిగా లాగితే మెట్ల మధ్య ఖాళీలు బయటపడి ఆకాశంలో చారలు, బుగ్గల మీద మచ్చలు తేలతాయి. కాల్చిన కుండ మూతిని వెడల్పు చెయ్యబోతే పగిలినట్టే. అలాగని మట్టితో ఏమైనా చెయ్యొచ్చనుకోకండి. వెలుతురు మరీ ఎక్కువై పూర్తిగా తెల్లబడిన మబ్బులో రా ఫైల్‌కు కూడా చెప్పడానికేమీ మిగలదు. నీడను లేపగలం, పోయిన తెలుపును తేలేం. కాబట్టి తీసేటప్పుడే మబ్బు మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఇక కుమ్మరి సారె సంగతి, అంటే ఈ మట్టిని మలిచే సాఫ్ట్‌వేర్ల సంగతి. డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. 2007లో వచ్చిన లైట్‌రూమ్‌కు చందా కట్టాలి, కానీ నేర్చుకోవడం తేలిక. ఏదో ఒకటి పట్టుకుని ఆరు నెలలు వదలకండి. మూడూ పెట్టుకుని రోజుకొకటి తిప్పేవాడికి ఏదీ రాదు. డార్క్‌టేబుల్‌లో మీటలు చూస్తే భయమేస్తుంది గాని, మొదట్లో అయిదు చాలు. ఎక్స్‌పోజర్‌తో ముఖం లేదా ముఖ్యమైన వస్తువు సరిపడా వెలిగేదాకా పెంచండి. తరవాత వైట్ బ్యాలెన్స్: బల్బు కింద తీసిన ఫొటో పసుపు పచ్చగా ఉంటే ఇక్కడ సర్దుకుంటుంది, రా ఫైల్లో అది ఇంకా గట్టిపడి ఉండదు. మూడోది సిగ్మాయిడ్ లేదా ఫిల్మిక్. కాంట్రాస్ట్‌కు ప్రాణం పోసేది, మీరడిగిన ఆ చప్పదనాన్ని పోగొట్టేది ఇదే. ఆపైన లెన్స్ వంకర సరిచెయ్యడం, చివర్న అంచులు కత్తిరించడం. గింజలు గింజలుగా కనిపించే నాయిస్ ఉంటే డీనాయిస్ పెట్టండి, కానీ ఫొటోను నూరు శాతం సైజులో చూస్తూనే పెట్టండి. చిన్నగా చూస్తూ పెంచితే చర్మం మైనపు బొమ్మలా తయారవుతుంది.

ఇంతా చేసినా మట్టిముద్ద ముద్దలాగే ఉంటుంది! ఇక్కడ నా కుండ పోలిక కాస్త బీటలు వారుతోంది, అయినా వదలను. ఈ సాఫ్ట్‌వేర్లు రా ఫైల్‌ను తాకవు. ‘ఇంత వెలుతురు, ఇంత కోత’ అని పక్కనే ఒక చీటీ రాసి పెడతాయి. డార్క్‌టేబుల్ రాసే చీటీని ఎక్స్‌ఎంపీ ఫైల్ అంటారు, రాథెరపీ చీటీని పీపీ3 అంటారు. పదేళ్ల తరవాత ఆ చీటీ చింపేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే: మీ పని వివరం ఫొటో పక్కన పెడుతుందా, తన సొంత పెట్టెలోనే దాచుకుంటుందా? లైట్‌రూమ్ మామూలుగా క్యాటలాగ్ అనే ఒకే పెట్టెలో పెడుతుంది. సెట్టింగ్స్‌లో చెబితే ఎక్స్‌ఎంపీ కూడా రాస్తుంది. చెప్పండి. ఇంకో మాట, మామూలు ఫోల్డర్‌లోంచి రా ఫైల్‌ను ఒక్కదాన్నే లాగి వేరేచోట పెడితే చీటీ పాతచోటే ఉండిపోతుంది, చేసిన పని పోయిందని ఏడుస్తారు. జరపాలంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలినుంచే జరపండి.

అన్నీ కుదిరాక ఆవంలో పెట్టడమే, అంటే ఎక్స్‌పోర్ట్. ఎవరికైనా పంపడానికైతే పొడవు వైపు 2048 పిక్సెళ్లు, జేపెగ్ నాణ్యత 90, రంగుల ప్రొఫైల్, అంటే ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక, ఎస్‌ఆర్‌జీబీ. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో పట్టికలో పంపితే ప్రొఫైల్ పట్టించుకోని చోట్ల రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. అచ్చు వేయించాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్క: 8 అంగుళాలకు 10 అంగుళాలైతే 2400 కి 3000. ఆ జేపెగ్‌నే తెరిచి, దిద్ది, మళ్లీ జేపెగ్‌గా దాచడం మాత్రం అలవాటు చేసుకోకండి. 8 కి 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి ఆనని వివరాన్ని పారేసి బరువు తగ్గించుకోవడం జేపెగ్ పద్ధతి. దాచిన ప్రతిసారీ ఇంకొంచెం పారేస్తుంది. మార్పు కావాలంటే ముద్ద దగ్గరికి వెళ్లి కొత్త కుండ చేసుకోండి.

కుండమీద బొమ్మలేసేది జింప్ అనే సాఫ్ట్‌వేర్. వెనక కరెంటు స్తంభం చెరపాలన్నా, రెండు ఫొటోలు కలపాలన్నా అదే. జింప్‌కు జేపెగ్ కాకుండా, వివరం పారేయని 16 బిట్ల టిఫ్ ఫైల్ పంపండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటోకు అది 144 ఎంబీ దాకా తూగుతుంది, కంగారుపడకండి. జింప్‌లో, ఫొటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అని రెండు పరికరాలు కనబడతాయి. అవి మా చిన్ననాటి చీకటి గదుల్లోంచి వచ్చిన మాటలు. ఎర్ర బల్బు కింద కాగితం మీదికి వెలుతురు పడుతుంటే, పుల్లకు అంటించిన అట్టముక్కను ముఖం మీదికి పడే వెలుతురుకు అడ్డంపెట్టి ఆడించేవాళ్లు, ఆ చోటు తేటగా వచ్చేది. అది డాడ్జ్. రెండు చేతుల మధ్య సందు వదిలి ఒక్కచోటే ఎక్కువసేపు వెలుతురు పడనిస్తే అక్కడ నల్లబడేది. అది బర్న్. అట్టను ఒకేచోట నిలిపితే దాని అంచు కాగితం మీద అచ్చుపడేది, అందుకే చెయ్యి ఆగకూడదు. ఇప్పుడు బ్రష్ అంచును మెత్తగా పెట్టుకోమనేదీ అందుకే.

అసలు ముందు చెప్పాల్సింది వెనక చెబుతున్నాను. కెమెరా మెమరీ కార్డులోని ఫొటోలను ఎప్పుడూ కాపీ చెయ్యండి, కట్ చెయ్యకండి. కట్ చేసి అతికించేటప్పుడు మధ్యలో తీగ ఊడితే ఇటూ అటూ కాకుండా పోతాయి. కెమెరాలు సాధారణంగా ఫైళ్లకు 0001 నుంచి 9999 దాకా అంకెలు వేసి మళ్లీ మొదటికొస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే కొత్త 0001 పాత 0001 మీద కూర్చుంటుంది. అందుకని ఫోల్డర్‌కు సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలోనే పేరుపెట్టండి, 2025-03-09 అన్నట్టు. అప్పుడు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. కాపీ అయ్యాక రెండుచోట్లా లెక్క చూసుకుని, ఇంకో డిస్క్‌లోకి కూడా ఎక్కించి, అప్పుడు కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి. బాగా వచ్చిన ఫొటోలను ఏరడానికి ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ బాగుంటుంది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. ఏరడానికి కూర్చున్నప్పుడు దిద్దడానికి పోకండి, రెండు పనులూ చెడతాయి. వేలల్లో చేరాక పేర్లు, ఊర్లు తగిలించి అల్మారాలో సర్దడానికి డిజీక్యామ్.

కుండ అడుగున ముద్ర ఉన్నట్టు ప్రతి ఫొటోలోనూ తీసిన వేళ, లెన్స్, షట్టర్ వేగం రాసి ఉంటాయి. ఫోన్‌తో తీస్తే చోటు కూడా ఉండొచ్చు. వీటిని చదవడానికి, దిద్దడానికి ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్‌ను మించింది లేదు. బొత్తాలు ఉండవు, ఆజ్ఞలు టైప్ చెయ్యాలి. కెమెరా గడియారం గంట ముందుంటే, వెయ్యి ఫొటోల వేళను ఒక్క వరసతో గంట వెనక్కి జరుపుతుంది. దిద్దేముందు అసలు ఫైల్‌ను ‘ఒరిజినల్’ అని తోక తగిలించి ఉంచుతుంది, సరిచూసుకున్నాకే వాటిని తీసెయ్యండి. ఇంట్లో తీసిన ఫొటో బయట ఎవరికైనా చూపించే ముందు అందులోని చోటును దీంతోనే చెరిపెయ్యండి.

కార్డు పొరపాటున ఫార్మాట్ చేసేశారా? ఆ క్షణం నుంచి దానిమీద ఒక్క ఫొటో కూడా తీయకండి. పక్కనున్న చిన్న తాళం మీటను కిందికి జరపండి. ఫొటోలు చాలావరకు ఇంకా అక్కడే ఉంటాయి, వాటి చిరునామా మాత్రమే చెరిగి ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెంకులేరినట్టు ఏరుతుంది. ఏరినవాటిని ఆ కార్డులోకి కాకుండా వేరే డిస్క్‌లోకి పంపాలి. పాత పేర్లు రావు, అంకెలే వస్తాయి. అప్పుడు మళ్లీ ఎగ్జిఫ్‌టూల్‌తో తేదీల ప్రకారం పేర్లు పెట్టుకోవచ్చు.

కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. రెండు ఫోల్డర్లను ఒకేలా ఉంచే ఫ్రీఫైల్‌సింక్‌తో కాపీలు చేసుకుంటే ‘మిర్రర్’ అన్నదాని అర్థం తెలుసుకుని నొక్కండి. ఇటు మీరు పొరపాటున చెరిపింది అటూ చెరిపేస్తుంది అది. చెరిపినవాటిని పక్క ఫోల్డర్‌లో ఉంచే వెసులుబాటు అందులోనే ఉంది, ఆన్ చెయ్యండి.

అచ్చు వేయిస్తే ఫొటో నల్లగా వచ్చిందంటే, చాలాసార్లు తప్పు మీ తెర మరీ వెలిగిపోవడమే. కొలిచే పరికరం దొరికితే తెరను అరగంట వేడెక్కనిచ్చి డిస్‌ప్లేక్యాల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొలవండి: తెలుపు రంగు 6500 కెల్విన్, నలుపు తెలుపుల మధ్య ఛాయల లెక్క అయిన గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు 100–120 క్యాండెలాలు. దొరక్కపోతే వెలుగు సగానికి తగ్గించి, పక్కన తెల్లకాగితం పెట్టి పోల్చుకోండి.

ఇక మీరు అడగంది ఒకటి. మీ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్‌లోని ఒక్కో గడికి ఒక్క రంగే తెలుసు. ఎరుపో, ఆకుపచ్చో, నీలమో. 1976లో పేటెంట్ పొందిన బ్రైస్ బేయర్ అమరికలో నాలుగు గళ్లకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. మిగతా రెండు రంగులను పక్క గళ్లను చూసి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. అంటే మీ ఫొటోలోని రంగు అంకెల్లో మూడింట రెండు వంతులు ఎవరూ కొలిచినవి కావు! అయినా అమ్మ ముఖం అమ్మ ముఖంలాగే ఉంటుంది. అదెలా కుదురుతుందో నేను రాయను. రాథెరపీలో ఒక ఎర్రపువ్వు రా ఫైల్ తెరిచి, రా ట్యాబ్‌లో డీమొజాయికింగ్ దగ్గర ‘నన్’ ఎంచుకుని, 400 శాతానికి పెంచండి. ఆ ఊహ ఆగిపోతుంది. రేకు మీద ఏ గళ్లు వెలిగాయో, ఏవి చీకటిగా ఉన్నాయో, పక్కనున్న ఆకు మీద ఎలా మారాయో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య