డాబా మీద వడియాలు, ఆకాశంలో కళ్లు

చిన్నప్పుడు బాలానగర్‌లో మా డాబా మీద నానమ్మ గుమ్మడి వడియాలు ఎండబెట్టేది. ఆమె పైకొచ్చి చూసే వేళలు మాకు కంఠతా వచ్చు. ఆ మధ్యలో నాలుగు నోట్లో వేసుకుని, ఖాళీ కనబడకుండా మిగతావి జరిపేవాళ్లం.

1998లో పోఖ్రాన్‌ అణుపరీక్షలకు ముందు మన సైన్యం చేసింది దాదాపు ఇదే. నిఘా ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది గానీ, ఒకే చోటి మీద నిలబడి కాపలా కాయదు. షాద్‌నగర్‌లో ఉపగ్రహాల సమాచారం అందుకునే యాంటెన్నాలకైనా అలాంటి ఉపగ్రహం విడతకు పది పన్నెండు నిమిషాలే అందుతుంది. ఎప్పుడొస్తుందో ముందే లెక్కగట్టొచ్చు. మామూలు కెమెరా అయితే వెలుతురూ కావాలి. 1995లో మన పీవీ హయాంలో జరిగిన ఏర్పాట్లు అమెరికా ఉపగ్రహాలకు దొరికిపోయాయి. ఒత్తిడి వచ్చింది, పరీక్ష ఆగింది. మూడేళ్ల తర్వాత సైనిక ఇంజనీర్లు రాత్రిళ్లు పనిచేసి, తెల్లారేసరికి యంత్రాలను పాత చోటే నిలబెట్టారు. కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాల నడిపిన కలాం అక్కడ మారుపేరుతో మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అయ్యారు. మే 11న పేలుళ్లు జరిగేదాకా అమెరికా పసిగట్టలేదు.

ఆ కిటుకు ఇప్పుడు పారదు. 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన రీశాట్-2 లాంటి రాడార్ ఉపగ్రహానికి చీకటైనా ఒకటే, మన జులై ముసురైనా ఒకటే. రాడార్ తానే రేడియో తరంగం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఆ తరంగం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. మబ్బులోని నీటి తుంపర దాని ముందు ధూళి లెక్క. చిక్కు వేరే ఉంది. అంత ఎత్తు నుంచి లారీని గుర్తుపట్టాలంటే కిలోమీటర్ల పొడవున్న యాంటెన్నా కావాలి. ఎవరు మోస్తారు? అందుకే ఉపగ్రహం పరుగునే వాడుకున్నారు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతూ దారి పొడవునా విన్న ప్రతిధ్వనులను దాచి, కంప్యూటర్‌లో కలిపితే, ఆ దారంతా ఒకే యాంటెన్నా అయినట్టే. ఉపగ్రహాల్లో ఇంతకన్నా ముద్దొచ్చే ఉపాయం నాకు కనబడలేదు.

పైగా ఇప్పుడు ఒకటి కాదు, డజన్లకొద్దీ తిరుగుతున్నాయి. పక్క డాబాల వాళ్లందరినీ నానమ్మ కాపలా పెట్టినట్టు. 2022లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ వైపు సాగిన సుమారు 64 కిలోమీటర్ల రష్యా వాహనాల బారును ప్రైవేటు కంపెనీల ఫొటోల్లో లోకమంతా చూసింది.

దాక్కోవడం కుదరనప్పుడు మిగిలేది బొంకు. ఉక్రెయిన్ యుద్ధంలో ఇరుపక్షాలూ చెక్కతో, గాలి నింపిన రబ్బరుతో దొంగ ట్యాంకులు నిలబెట్టాయి. రబ్బరు రాడార్‌కు సరిగ్గా ఆనదు. అలాంటి చోట మూడు రేకులను గది మూలలా కలిపి పెడితే చాలు, వచ్చిన తరంగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. చిన్న రేకు ముక్క కూడా పైనున్న కంటికి పెద్ద ఇనప వాహనంలా మెరుస్తుంది.