ఫ్లాట్ వచ్చినంత మాత్రాన సైజు వచ్చినట్టు కాదు: షీట్ మెటల్ కన్వర్షన్‌పై అపోహలు - వాస్తవాలు

"ఫ్లాట్ వచ్చేసింది సార్, కటింగ్‌కి పంపేయనా?" డిజైన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లల నోట నేను తరచూ వినే మాట ఇది. ఫ్లాట్ అంటే వంచకముందు రేకు ఎంత సైజులో, ఏ ఆకారంలో కట్ చేయాలో చూపే పరుపు. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో సాలిడ్‌గా (3డి దిమ్మెలా) గీసిన బాక్సునో బ్రాకెట్‌నో తీసుకుని, దాన్ని వంచిన రేకుగా మార్చే 'కన్వర్ట్ టు షీట్ మెటల్' కమాండ్ కొడతారు. ఎర్రర్ రాదు. అన్‌ఫోల్డ్ నొక్కితే రేకు చాపలా పరుచుకుంటుంది. ఇంక పనైపోయిందనుకుంటారు.

అపోహ: ఫ్లాట్ కొలత సాఫ్ట్‌వేర్ లెక్కకట్టింది కాబట్టి కరెక్టే.

సాఫ్ట్‌వేర్‌కి మీ రేకు తెలియదు, దాన్ని వంచే డై (మెషీన్‌లో రేకు కింద ఉండే అచ్చు) అసలే తెలియదు. మందం, వంపు లోపలి రేడియస్, కె-ఫ్యాక్టర్ (వంచినప్పుడు సాగకుండా, కుంచించుకోకుండా ఉండే పొర లోపలి వైపు నుంచి మందంలో ఎన్నో వంతులో ఉందో చెప్పే అంకె) మీరు ఏమిస్తే వాటితో లెక్క చేస్తుంది. ఇవ్వకపోతే తన దగ్గరున్న డిఫాల్ట్ వేసుకుంటుంది. కె-ఫ్యాక్టర్ ఇన్వెంటర్‌లో మామూలుగా 0.44 ఉంటుంది, సాలిడ్‌వర్క్స్‌లో 0.5. ఒకే మోడల్‌ని రెండింట్లో విప్పితే రెండు సైజులొచ్చేది అందుకే. దానికి "ఆ సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందంట" అని పుకారు పుట్టిస్తారు. బగ్గూ లేదు, గిగ్గూ లేదు.

పైగా అందరూ కె-ఫ్యాక్టర్ చుట్టూనే కొట్టుకుంటారు గానీ అసలు దెబ్బ రేడియస్‌ది. 2 మి.మీ. రేకు, 2 మి.మీ. రేడియస్, 90 డిగ్రీల బెండ్ తీసుకోండి. బెండ్ డిడక్షన్ అంటే బయటి కొలతలు కలిపి, ఫ్లాట్ సైజు కోసం అందులోంచి ఒక్కో బెండ్‌కి తీసేయాల్సిన మొత్తం. కె 0.44 అయితే అది 3.48 మి.మీ., కె 0.5 అయితే 3.29. తేడా 0.2 కూడా లేదు. ఇప్పుడు కె 0.44 దగ్గరే ఉంచి రేడియస్ మార్చండి. రేడియస్ 1 అయితే డిడక్షన్ 3.05, అదే 2.5 అయితే 3.69. ఒక్క బెండ్‌కే 0.64 మి.మీ. పోయింది.

ఎయిర్ బెండింగ్‌లో (రేకును డై అడుగుదాకా నొక్కకుండా వంచే పద్ధతిలో) ఆ రేడియస్‌ని ఎక్కువగా తేల్చేది మీ మోడల్ కాదు, కింద ఉన్న వి-డై (వి ఆకారపు గాడి ఉన్న డై) నోరు వెడల్పు. మైల్డ్ స్టీల్‌కి ఆ వెడల్పులో సుమారు ఆరో వంతు వేసుకోవచ్చు. 16 మి.మీ. డై మీద వంచితే లోపల రెండున్నర చిల్లర వస్తుంది, డ్రాయింగ్‌లో మీరు 1 అని ఎంత లావు అక్షరాలతో రాసినా సరే.

ఇది నేను తెలివిగా కనిపెట్టింది కాదు, తన్నులు తిని నేర్చుకున్నది. మొదట్లో ఒక కవర్ చేశాను. ఛానెల్ ఆకారం, రెండు వైపులా లోపలికి మడతలు, మొత్తం నాలుగు బెండ్లు. రేడియస్ 1 పెట్టి, అన్‌ఫోల్డ్ చేసి, 60 పీసులు కట్ చేయించాను. ఆపరేటర్ రెండు అంచుల నుంచీ గేజ్‌కి (మెషీన్‌లో రేకు ఆనే స్టాపర్‌కి) ఆనించి వంచుకుంటూ వచ్చేసరికి తేడా అంతా మధ్య వెడల్పు మీద పడింది. రెండున్నర మి.మీ. ఎక్కువ. కవర్ ఫ్రేమ్‌లోకి దిగలేదు. నేను ఆయన మీద అరిచాను. ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి రేడియస్ గేజ్ తీసి ఒక 2.5 ఆకు బెండ్ లోపల పెట్టి చూపించాడు. వెలుతురు సన్నని గీత కూడా కనపడలేదు. "మీరు 1 అన్నారు, నా డై ఇదే ఇస్తుంది సార్" అన్నాడు. 60 పీసులూ తుక్కులోకి పోయాయి.

కాబట్టి కటింగ్‌కి పంపే ముందు అదే రేకు ముక్క 100 మి.మీ. పొడవు కట్ చేయించి, అదే డై మీద 90కి వంచమనండి. రెండు కాళ్లూ బయటి నుంచి కొలవండి. 60.2, 43.3 వచ్చాయనుకోండి, కలిపితే 103.5. అందులోంచి 100 తీసేస్తే మీ డిడక్షన్ 3.5. ఆ అంకెను నేరుగా బెండ్ టేబుల్‌లో (సాఫ్ట్‌వేర్ డిడక్షన్ చూసుకునే పట్టికలో) వేసుకోవచ్చు. రేకు మందం కూడా వెర్నియర్ పెట్టి చూడండి, 2 అని కొన్న రేకు 1.9 ఉండొచ్చు. పావుగంట పని. దానికీ తీరిక లేదంటే నేను చేయగలిగిందేమీ లేదు.

అపోహ: ఎర్రర్ వచ్చిందంటే నాకు క్యాడ్ రాదు.

అంత టెన్షన్ పడకండి, ఇది అందరికీ వస్తుంది. చాలాసార్లు కారణం మూల దగ్గరే ఉంటుంది. లోపలి ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసే వంపు) రేడియస్ 2 ఇచ్చి, బయటా 2 ఇచ్చేస్తారు. అప్పుడు వంపు దగ్గర మందం మారిపోతుంది, సాఫ్ట్‌వేర్ అది రేకని ఒప్పుకోదు. 2 మి.మీ. రేకుకి లోపల 2 అయితే బయట 4 ఉండాలి. అసలు రెండు ఫిల్లెట్లూ తీసేసి, పదునైన మూలలతో కన్వర్ట్ చేస్తే, సాలిడ్‌వర్క్స్‌లో అయితే రేడియస్ అదే వేసుకుంటుంది. నాలుగు గోడలూ కలిసిపోయిన బాక్స్ అయితే మూలల్లో రిప్ (చీలిక) ఇవ్వాలి. అట్టపెట్టెను కూడా మూలలు చీల్చకుండా పరచలేం కదా.

అపోహ: ఏ సాలిడ్ అయినా మారుతుంది. మారదు. అంతటా ఒకే మందం ఉండాలి, వంపులతో తయారయ్యే ఆకారం అయ్యుండాలి. డీప్ డ్రా చేసిన (రేకును డైలోకి నొక్కి సాగదీసి చేసిన) గిన్నె లాంటిది ఈ కమాండ్‌తో విప్పలేరు.

అపోహ: కన్వర్ట్ చేయడం షార్ట్‌కట్, మొదటి నుంచీ ఫ్లాంజ్‌లతోనే (ఒక్కో మడత అంచు కలుపుకుంటూ) కట్టాలి. ఎవరి వీలు వాళ్లది. బయటి నుంచి స్టెప్ ఫైల్ (ఏ క్యాడ్‌లోనైనా తెరుచుకునే సాలిడ్ మోడల్) వస్తే ఇంకేం చేస్తారు?

అపోహ: డీఎక్స్‌ఎఫ్ (ఫ్లాట్ గీతల డ్రాయింగ్ ఫైల్) తీస్తే నేరుగా లేజర్ కటింగ్‌కి ఇచ్చేయొచ్చు. స్కేల్ 1:1 ఉందో లేదో చూడండి. బెండ్ లైన్లు వేరే లేయర్‌లో ఉండాలి, లేదా తీసేయాలి. లేకపోతే వాటినీ కట్ లైన్లనుకుని కోసేసే ప్రమాదం ఉంది. రెండు బెండ్ల బ్రాకెట్ ఒకటి నా చేతికి అలా మూడు ముక్కలుగా వచ్చింది, అంచులు మాత్రం చక్కగా, ఎక్కడా బర్ (కోత గరుకు) లేకుండా.