కృష్ణలో తల ముంచితే వినిపించే చప్పుడు

చిన్నప్పుడు దుర్గా ఘాట్ దగ్గర మునక వేసినప్పుడల్లా ఒకటి గమనించేవాణ్ణి, తల నీళ్ళల్లో పెట్టగానే భవానీ ద్వీపం వెళ్ళే లాంచీ మోటారు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించేది, తల ఎత్తి చూస్తే అదెక్కడో దూరంగా ఉండేది. పైగా చప్పుడు ఎటునుంచి వస్తుందో అస్సలు తెలిసేది కాదు.

సబ్‌మెరైన్లని వెతికే పనంతా ఈ రెండు విషయాల మీదే నడుస్తుందండి. రేడియో తరంగాలు, వెలుగు ఉప్పునీళ్ళల్లో ఎంతో దూరం పోలేవు, శబ్దం మాత్రం పోతుంది, గాల్లో సెకనుకి 340 మీటర్లయితే సముద్రంలో సుమారు 1,500 మీటర్లు. ఒక చెవికి ముందు, ఇంకో చెవికి కాస్త లేటుగా చేరడాన్ని బట్టే మన బుర్ర దిక్కు పసిగడుతుంది, నీళ్ళల్లో ఆ తేడా పావు వంతుకి పడిపోయేసరికి బుర్రకి అందదు. అందుకే నేవీ వాళ్ళు చెవుల్ని దూరదూరంగా పెడతారు. ఓడ వెనక వందల మీటర్ల కేబుల్ లాక్కుంటూ పోతారు, దాని పొడవునా హైడ్రోఫోన్లు, అంటే నీళ్ళల్లో పనిచేసే మైకులు. అయినా చప్పుడు కుడివైపుదా ఎడమవైపుదా తేలక ఓడని కాస్త తిప్పి మళ్ళీ వింటారు!

మనమే ‘పింగ్’ కొట్టి ప్రతిధ్వని కోసం చూడొచ్చు కానీ, ఆ పింగ్ సబ్‌మెరైన్‌కి ఇంకా ముందే వినపడుతుంది, మన జాడ మనమే చెప్పినట్టు.

అసలు చిక్కు నీళ్ళతోనే. ఎండాకాలం నదిలో దిగితే ఛాతీ దగ్గర వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా ఉంటుంది కదా, సముద్రంలోనూ అలాంటి పొరలుంటాయి, పొర మారితే శబ్దం వేగమూ మారుతుంది, శబ్దం తన వేగం తగ్గే వైపుకి వంగిపోతుంది. దాంతో పొర కింద శబ్దం చేరని ఒక నీడ ఏర్పడుతుంది, సబ్‌మెరైన్ అందులో దాక్కుంటుంది. బంగాళాఖాతంలో ఇంకో మెలిక, గంగ, గోదావరి, హంసలదీవి దగ్గర కలిసే మన కృష్ణ, వీటన్నిటి మంచినీళ్ళు ఉప్పునీటి మీద పరుచుకుంటాయి, వేడితోపాటు ఉప్పు కూడా పొరలుగా మారుతుంది. నాకు ఇదే అన్నిటికంటే ఆశ్చర్యం, మన బ్యారేజీ దాటిన నీళ్ళు అక్కడ సోనార్, అంటే శబ్దంతో నీళ్ళల్లో వెతికే పరికరం, లెక్కల్లోకి వస్తాయి.

అందుకే హెలికాప్టర్ గాల్లో నిలబడి సోనార్‌ని తాడుతో పొర కిందికి దించుతుంది. అరక్కోణం నుంచి ఎగిరే నేవీ వాళ్ళ పీ-8ఐ విమానాలు సోనోబాయ్‌లు జారవిడుస్తాయి, అవి తేలుతూ విన్నది రేడియోలో పైకి పంపుతాయి.

వినడంలో వెనకబడితే ఏమవుతుందో 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర చూశాం. సబ్‌మెరైన్ వేటకి వెళ్ళిన మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో, అంటే నీళ్ళల్లో దూసుకుపోయి పేలే ఆయుధంతో, ముంచేసింది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే ఉండిపోయారు.

ఇప్పుడు విశాఖలోని నేవీ ఆయుధాల పరిశోధనా సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ డిజైన్ చేసిన వరుణాస్త్ర టార్పెడో మన ఓడల మీద ఉంది. దాని ముక్కులోనూ సోనారే, వదిలాక అది కూడా వింటూనే సబ్‌మెరైన్ వైపు పోతుంది.